లినక్స్ డెస్క్‌టాప్‌కు రెండు మానిటర్లు: కేబుల్ దగ్గర మొదలుపెట్టి లాగిన్ తెర దాకా

మీరు వివరించిన పరిస్థితి ఇది. ఇంటెల్ ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, ఎన్‌విడియా జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు ఉన్న డెస్క్‌టాప్‌లో ఉబుంటు 24.04 వాడుతున్నారు. కొత్తగా కొన్న 27 అంగుళాల 4కే మానిటర్‌ను గ్రాఫిక్స్ కార్డు మీది హెచ్‌డీఎంఐ పోర్టుకూ, పాత 22 అంగుళాల మానిటర్‌ను వీజీఏ కేబుల్‌తో మదర్‌బోర్డు పోర్టుకూ తగిలించారు. కొత్తదానిలో బొమ్మ వస్తోంది గానీ అక్షరాలు చదవలేనంత చిన్నవిగా ఉన్నాయి; పాతదానిలో సిగ్నల్ లేదన్న సందేశం తప్ప మరేమీ రావడం లేదు. ఇంటర్నెట్‌లో దొరికిన ఎక్స్‌రాండర్ (టెర్మినల్ నుంచి తెరలను అమర్చే పనిముట్టు) ఆదేశాలు ప్రయత్నించినా ఫలితం లేదు. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాల అచ్చుదిద్దే పనికి, ఒక తెర మీద స్కాన్ చేసిన పుట, మరో తెర మీద టైపు చేసే పాఠ్యం ఉండాలన్నది మీ ఉద్దేశం.

రెండో మానిటర్ కనిపించనప్పుడు చాలామంది ముందుగా టెర్మినల్ తెరుస్తారు. నా అభిప్రాయంలో అది చివర చేయవలసిన పని. బొమ్మ తెరకు చేరాలంటే ముందు పోర్టు, కేబుల్ సరిగ్గా ఉండాలి, తర్వాత కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో యంత్ర భాగాలను నడిపే మూల భాగం) ఆ మానిటర్‌ను గుర్తించాలి, ఆ తర్వాతే డెస్క్‌టాప్ దాన్ని ఎక్కడ ఎలా అమర్చాలో నిర్ణయిస్తుంది. కింది అంచెలో లోపం ఉంటే పై అంచెలో ఎన్ని ఆదేశాలిచ్చినా ఉపయోగం ఉండదు. మీ విషయంలో జరిగింది అచ్చంగా అదే.

మీ ప్రాసెసర్ పేరు చివర ఉన్న "ఎఫ్" అక్షరాన్ని గమనించండి. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఆ అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ భాగం పనిచేయదని అర్థం. మదర్‌బోర్డు వెనుక ఉన్న వీజీఏ, హెచ్‌డీఎంఐ పోర్టులకు బొమ్మ పంపవలసింది ప్రాసెసర్‌లోని ఆ గ్రాఫిక్స్ భాగమే కాబట్టి, మీ కంప్యూటర్‌లో ఆ పోర్టులు అలంకారానికి మాత్రమే ఉన్నాయి. వాటికి ఏ కేబుల్ తగిలించినా, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేసినా బొమ్మ రాదు. ఏఎమ్‌డీ రైజెన్‌లో కూడా 7000 శ్రేణికి ముందువాటిలో, పేరు చివర "జీ" లేని డెస్క్‌టాప్ ప్రాసెసర్లది ఇదే పరిస్థితి. ఒకవేళ మీది "ఎఫ్" లేని మామూలు 12400 అయివుంటే, విడి గ్రాఫిక్స్ కార్డు పెట్టినప్పుడు చాలా మదర్‌బోర్డులు ప్రాసెసర్ గ్రాఫిక్స్‌ను తమంతట తామే ఆపేస్తాయి కనుక, బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లోకి వెళ్ళి మల్టీ మానిటర్ అన్న ఎంపికను ఆన్ చేసుకుంటే సరిపోయేది. మీకు ఆ దారి లేదు. రెండు మానిటర్లనూ గ్రాఫిక్స్ కార్డుకే తగిలించాలి.

జీటీఎక్స్ 1650 కార్డులలో ఎక్కువ వాటికి ఒక హెచ్‌డీఎంఐ, ఒక డిస్‌ప్లేపోర్ట్, ఒక డీవీఐ-డీ పోర్టు ఉంటాయి. మీ కార్డు వెనుక ఏవున్నాయో ఒకసారి చూడండి. మీ పాత మానిటర్‌కు వీజీఏతో పాటు డీవీఐ ఇన్‌పుట్ కూడా ఉందని రాశారు గనుక, ఒక డీవీఐ-డీ కేబుల్ కొని నేరుగా కలపడం అన్నిటికంటే మంచి మార్గం. మామూలు సింగిల్ లింక్ కేబుల్ 60 హెర్ట్‌జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మారే వేగం) వద్ద 1920x1200 వరకు మోయగలదు, మీ మానిటర్‌ది 1680x1050 మాత్రమే. వీజీఏ కేబుల్‌నే వాడుకుందామని దుకాణంలో దొరికే చిన్న డీవీఐ-వీజీఏ అడాప్టర్ కొనకండి. డీవీఐ-డీ పోర్టులో డిజిటల్ సిగ్నల్ తప్ప అనలాగ్ సిగ్నల్ ఉండదు కాబట్టి, ఆ అడాప్టర్ అందులో పనిచేయదు. చాలావాటి పిన్నులు అసలు లోపలికి దూరవు కూడా. కార్డుకు డీవీఐ లేకపోతే, డిస్‌ప్లేపోర్ట్ లేదా హెచ్‌డీఎంఐ సిగ్నల్‌ను వీజీఏగా మార్చే, లోపల చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి. అది పనిచేస్తుంది గానీ అక్షరాల అంచులు డీవీఐలో ఉన్నంత స్పష్టంగా ఉండవు. వత్తులూ గుడులూ చూసి దిద్దే పనికి ఆ తేడా కంటికి తెలుస్తుంది.

కొత్త మానిటర్‌కు డిస్‌ప్లేపోర్ట్ ఉంటే దాన్నే వాడండి. డిస్‌ప్లేపోర్ట్ 1.2 నుంచీ 4కే బొమ్మ 60 హెర్ట్‌జ్‌తో వస్తుంది. హెచ్‌డీఎంఐలో అయితే 1.4 పోర్టు 4కే వద్ద 30 హెర్ట్‌జ్ దగ్గరే ఆగిపోతుంది, 60 కావాలంటే 2.0 ఉండాలి. మీ కార్డులో 2.0 ఉంది కానీ మానిటర్ ఇన్‌పుట్‌లన్నీ అలాంటివే కాకపోవచ్చు. కొన్నిటిలో మానిటర్ సొంత మెనూలో హెచ్‌డీఎంఐ 2.0 అన్న ఎంపికను విడిగా ఆన్ చేయాలి. 30 హెర్ట్‌జ్‌లో మౌస్ బాణం కదిలించినప్పుడు అది ముక్కముక్కలుగా గెంతుతున్నట్టు కనిపిస్తుంది, చాలామంది దాన్ని కంప్యూటర్ నెమ్మదించిందని పొరబడతారు. ఎప్పటిదో సెట్‌టాప్ బాక్సుతో వచ్చిన హెచ్‌డీఎంఐ కేబుల్ వాడితే 4కే 60 వద్ద తెర మధ్యమధ్య నల్లబడి తిరిగి రావడం మామూలే. అప్పుడు డ్రైవర్‌ను అనుమానించే ముందు కేబుల్ మార్చి చూడాలి. ఇంకొక విషయం. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్ళే చవక కేబుల్ చాలావరకు పనిచేస్తుంది, కానీ అది ఒకే దిశలో. హెచ్‌డీఎంఐ పోర్టు నుంచి డిస్‌ప్లేపోర్ట్ మానిటర్‌కు వెళ్ళాలంటే విద్యుత్తు తీసుకునే ప్రత్యేక కన్వర్టర్ అవసరం.

కేబుళ్లు మార్చాక, కెర్నెల్ ఆ మానిటర్లను చూస్తోందా లేదా అన్నది నిమిషంలో తెలుసుకోవచ్చు. ఫైల్ వ్యవస్థ మూలంలో ఉండే సిస్ డైరెక్టరీలో క్లాస్, దాని లోపల డీఆర్‌ఎం అనే ఫోల్డర్ తెరవండి. అక్కడ కార్డు సంఖ్యతో మొదలై ప్రతి పోర్టుకూ ఒక్కొక్క ఫోల్డర్ కనిపిస్తుంది: హెచ్‌డీఎంఐ-ఏ-1, డీపీ-1, డీవీఐ-డీ-1 వంటి పేర్లతో. ఒక్కొక్కదానిలో స్టేటస్ అనే చిన్న ఫైలు ఉంటుంది, దాన్ని క్యాట్ ఆదేశంతో చూస్తే "కనెక్టెడ్" అనో "డిస్‌కనెక్టెడ్" అనో ఒకే మాట వస్తుంది. మానిటర్ తగిలించి, కరెంటు ఇచ్చి ఉన్నా "డిస్‌కనెక్టెడ్" అనే వస్తుంటే సమస్య కేబుల్, పోర్టు, అడాప్టర్లలో ఒకదానిలో ఉన్నట్టు లెక్క, డెస్క్‌టాప్ సెట్టింగుల జోలికి వెళ్ళనవసరం లేదు. "కనెక్టెడ్" అని వచ్చి కూడా రిజల్యూషన్ 1024x768 దగ్గరే ఉండిపోతే, అదే ఫోల్డర్‌లోని ఈడీఐడీ ఫైలు ఖాళీగా ఉందేమో చూడండి. తన తయారీదారు ఎవరో, తాను ఏ రిజల్యూషన్లు చూపగలదో మానిటర్ కంప్యూటర్‌కు చెప్పుకునే సమాచారమే ఈడీఐడీ. చవక వీజీఏ కేబుళ్లలో ఆ సమాచారం మోసే పిన్నులకు తీగలే ఉండవు. ఒకే మానిటర్, కీబోర్డులను రెండు కంప్యూటర్లకు పంచే కొన్ని కేవీఎం స్విచ్చులు కూడా దాన్ని మధ్యలో మింగేస్తాయి. ఇలాంటి చోట కొత్త రిజల్యూషన్‌ను చేతితో లెక్కగట్టి బలవంతంగా చేర్చే పద్ధతులు ఉన్నాయి గానీ, తక్కువ ఖర్చుతో కేబుల్ మార్చుకునే అవకాశం ఉన్నంతవరకు వాటి జోలికి పోవద్దని నా సలహా.

ఇక ఎక్స్‌రాండర్ ఎందుకు పనిచేయలేదన్న ప్రశ్న. లినక్స్‌లో తెరమీద బొమ్మను నడిపించే వ్యవస్థలు ఇప్పుడు రెండున్నాయి: పాత ఎక్స్11, కొత్త వేలాండ్. ఎక్స్‌రాండర్ అన్నది ఎక్స్11 పనిముట్టు. వేలాండ్ సెషన్‌లో ఉన్నప్పుడు కూడా పాత అప్లికేషన్ల కోసం ఎక్స్‌వేలాండ్ అనే అనుకరణ లోపల నడుస్తుంటుంది కనుక, ఆ ఆదేశానికి మానిటర్ల పేర్లు, రిజల్యూషన్లు అన్నీ కనిపిస్తాయి. చూసినవాళ్లు ఇది పనిచేస్తుందని అనుకోవడం సహజం. కానీ అసలు తెరల మీద అధికారం డెస్క్‌టాప్‌ది, అంటే మీ ఉబుంటులో గ్నోమ్‌ది; అనుకరణకు ఇచ్చిన ఆజ్ఞ తెర దాకా వెళ్ళదు. మీరు ఏ సెషన్‌లో ఉన్నారో సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్, సిస్టమ్ డీటెయిల్స్ అన్న చోట విండోయింగ్ సిస్టమ్ అనే వరుసలో రాసి ఉంటుంది. లాగిన్ తెర మీద మీ పేరు నొక్కాక కుడివైపు కింద వచ్చే పళ్లచక్రం గుర్తులో సెషన్‌ను మార్చుకోవచ్చు. ఫెడోరా 2016లో 25వ విడుదల నుంచే గ్నోమ్‌కు వేలాండ్‌ను అసలు సెషన్‌గా చేసుకుంది, కేడీఈ ప్లాస్మా 2024 ఫిబ్రవరిలో 6వ విడుదలతో ఆ పని చేసింది. కాబట్టి నెట్‌లో దొరికే సలహా ఏ సంవత్సరానిదో, ఏ డెస్క్‌టాప్ కోసం రాసిందో చూడకుండా ఆదేశాలు అతికించడం వృథా శ్రమ. లినక్స్ మింట్ సినమన్ వాడే మిత్రులెవరైనా దీన్ని చదువుతుంటే, వారిది సాధారణంగా ఎక్స్11 సెషనే. వారికి ఎక్స్‌రాండర్, దానికి బొమ్మల ముఖం తొడిగిన ఏరాండర్ రెండూ చక్కగా పనిచేస్తాయి.

ఎక్స్‌రాండర్ ఆధారపడే ఎక్స్11 భాగమైన రాండర్ 1.2, 2007లో వచ్చినప్పటి నుంచి మానిటర్లను నడుస్తున్న సెషన్‌లోనే చేర్చడం, తీయడం సాధ్యమైంది. అంతకుముందు తరం పద్ధతి అయిన ఎక్స్‌ఆర్గ్ డాట్ కాన్ఫ్ ఫైలును చేతితో రాసే సలహాలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. మీలాంటి మామూలు అమరికకు అది అనవసరం. ఒకసారి అలాంటి ఫైలు పెట్టారంటే రేపు పోర్టో మానిటరో మారినప్పుడు ఎక్స్11 సెషన్ నల్ల తెరతో నిలిచిపోయి, కారణం వెతుక్కోవలసి వస్తుంది. ఇప్పటికే ఏదైనా సలహా చూసి ఈటీసీలోని ఎక్స్11 ఫోల్డర్‌లో ఆ ఫైలు పెట్టి ఉంటే, దాని పేరు మార్చి పక్కన పెట్టి, ఒకసారి లాగౌట్ అయి రండి.

డ్రైవర్ సంగతి. మీరు విడిగా ఏమీ వేయలేదని చెప్పారు కనుక కెర్నెల్‌తో వచ్చే నూవో డ్రైవర్ నడుస్తోంది. రెండు తెరలకు బొమ్మ ఇవ్వడానికి అది చాలు. కానీ ఈ కార్డుల వేగాన్ని పూర్తిగా వాడుకోలేదు కనుక 4కే తెరమీద విండోలు లాగినప్పుడు బరువుగా కదలవచ్చు. మీ పని పుటలు చదవడం, టైపు చేయడం కాబట్టి ముందు దీనితోనే వారం రోజులు వాడి చూసి, ఇబ్బందిగా ఉంటేనే ఎన్‌విడియా సొంత డ్రైవర్‌కు మారమంటాను. మారేటప్పుడు ఎన్‌విడియా వెబ్‌సైటు నుంచి ఫైలు దించుకోకండి. ఉబుంటులోని అడిషనల్ డ్రైవర్స్ కిటికీలో సిఫారసు చేసినదాన్ని ఎంచుకుంటే, కెర్నెల్ మారినప్పుడల్లా అది దానితో పాటు సరిపడేలా మారుతుంది.

ఇక్కడ చాలామంది తడబడే ఒక మలుపుంది. బయోస్‌లో సెక్యూర్ బూట్ (సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను మొదలవనివ్వని రక్షణ) ఆన్‌లో ఉంటే డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమని అడుగుతుంది. తర్వాత కంప్యూటర్ తిరిగి మొదలైనప్పుడు ఉబుంటు రాకముందే నీలి తెర మీద ఎంఓకే (కంప్యూటర్ యజమాని నమ్మే సంతకపు తాళం) అన్న పేరుతో మెనూ వస్తుంది. అది కొద్ది సెకన్లే ఆగుతుంది. అందులో ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఏదో లోపమనుకుని దాన్ని దాటవేస్తే కొత్త డ్రైవర్‌ను కెర్నెల్ లోపలికి రానివ్వదు, ఆ డ్రైవర్ కోసం నూవో ముందే పక్కకు తప్పుకుని ఉంటుంది, ఫలితంగా ఒకే తెర తక్కువ రిజల్యూషన్‌తో వస్తుంది. డ్రైవర్ వేశాక రెండో మానిటర్ పోయిందని వచ్చే ఫిర్యాదులలో చాలావాటికి మూలం ఇదే. డ్రైవర్ మారాక సెషన్ కూడా ఎక్స్11కు మారి ఉండవచ్చు, కనుక అబౌట్ పేజీ మరోసారి చూసుకోండి.

ఇప్పుడు అమరికకు వద్దాం. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్ తెరిస్తే రెండు మానిటర్లు రెండు దీర్ఘచతురస్రాలుగా కనిపిస్తాయి. జాయిన్ ఎంచుకుని, బల్ల మీద ఏది ఎటువైపు ఉందో అలాగే వాటిని లాగి పెట్టండి, టైపు చేసేదాన్ని ప్రైమరీ చేయండి. ఇక మీ రెండో ఫిర్యాదు, అక్షరాల పరిమాణం. 27 అంగుళాల 4కే తెరలో అంగుళానికి సుమారు 163 చుక్కలు, 22 అంగుళాల 1680x1050 తెరలో సుమారు 90 చుక్కలు ఉంటాయి. అదే అక్షరం ఒకదానిలో దాదాపు సగానికి కుంచించుకుపోవడానికి కారణం ఇదే. కొత్తదాని స్కేల్ 200 శాతం పెడితే అక్షరాలు పాతదానికంటే కాస్త పెద్దవవుతాయి. 175 శాతం పెడితే 163ను 1.75తో భాగించగా 93 వస్తుంది, అంటే రెండు తెరల మీదా ఒకే విండో ఇంచుమించు ఒకే సైజులో కనిపిస్తుంది. 175 కావాలంటే అదే పేజీలో ఫ్రాక్షనల్ స్కేలింగ్ మీటను ఆన్ చేయాలి. రిజల్యూషన్‌ను మాత్రం 1920x1080కు తగ్గించకండి. అక్షరాలు పెద్దవైనట్టే ఉంటాయి గానీ అంచులు మసకబారి, స్కాన్‌లో "ప" వత్తు ఏదో "ష" వత్తు ఏదో తేల్చుకోలేని స్థితి వస్తుంది; 4కే మానిటర్ కొన్న ప్రయోజనమే పోతుంది.

ఈ స్కేల్ విషయంలోనే వేలాండ్ ఎక్స్11 కంటే స్పష్టంగా మెరుగు. వేలాండ్‌లో ప్రతి మానిటర్‌కూ తనదైన స్కేల్ ఉంటుంది. ఎక్స్11 రెండు తెరలనూ కలిపి ఒకే పెద్ద కాన్వాసుగా చూస్తుంది కనుక, ఒక్కొక్కదానికి వేర్వేరు స్కేల్ ఇవ్వడానికి ఉబుంటు బొమ్మను పెద్దగా గీసి కుదించవలసి వస్తుంది, అది గ్రాఫిక్స్ కార్డుకు అదనపు భారం. వేలాండ్‌కూ ఒక లోటుంది: ఇంకా ఎక్స్‌వేలాండ్ మీదే నడిచే అప్లికేషన్లు 175 వంటి స్కేల్ వద్ద మసకగా కనిపిస్తాయి. ఫైర్‌ఫాక్స్ 121వ విడుదల నుంచి వేలాండ్‌లో నేరుగా నడుస్తుంది కాబట్టి వికీసోర్స్ పనికి దాన్ని వాడితే ఈ చిక్కు ఉండదు. క్రోమ్ మసకగా కనిపిస్తే, దాని ఫ్లాగ్స్ పేజీలో ఓజోన్ ప్లాట్‌ఫామ్ అన్న ఎంపిక ఉంటే దాన్ని ఆటో లేదా వేలాండ్ చేసి చూడండి.

మీ పనిని దృష్టిలో పెట్టుకుని ఒక సూచన. పుస్తకం పుట నిలువుగా ఉంటుంది, మానిటర్ అడ్డంగా ఉంటుంది. పాత మానిటర్‌ను నిలువుగా తిప్పి, డిస్‌ప్లేస్‌లో ఓరియెంటేషన్‌ను పోర్ట్రెయిట్ చేస్తే 1050 వెడల్పు, 1680 ఎత్తుతో పుట మొత్తం పై గీత నుంచి కింది పుట సంఖ్య వరకు స్క్రోల్ చేయకుండా కనిపిస్తుంది. స్టాండు తిరగకపోతే మానిటర్ వెనుక 100x100 మిల్లీమీటర్ల దూరంలో నాలుగు మర రంధ్రాలున్నాయేమో చూడండి. ఉంటే బల్లకు బిగించే మానిటర్ ఆర్మ్‌కు అమర్చవచ్చు. ఆ తరం మానిటర్లలో చాలావరకు టీఎన్ ప్యానెళ్లు (పక్క నుంచి చూస్తే రంగులు మారే చవక రకం తెరలు) కాబట్టి, ఆ ఆర్మ్ కొనే ముందు మానిటర్‌ను చేత్తో పక్కకు తిప్పి పట్టుకుని చూడండి. ఒక వైపు నుంచి చూస్తే రంగు వెలిసినట్టు కనిపిస్తే రెండో వైపుకు తిప్పడమో, తెరను కొద్దిగా మీ వైపు మళ్ళించడమో చేయాలి. నిలువు తెరమీద అక్షరాల అంచుల్లో రంగు చారలు కనిపిస్తే ట్వీక్స్ అప్లికేషన్‌లో యాంటీఅలియాసింగ్‌ను స్టాండర్డ్‌కు మార్చండి, ఎందుకంటే తెర చుక్కలోని ఎరుపు, పచ్చ, నీలం భాగాలను విడివిడిగా వాడే సబ్‌పిక్సెల్ పద్ధతి తెర అడ్డంగా ఉందన్న లెక్క మీద ఆధారపడుతుంది.

తెరల మధ్య మౌస్ దాటే చోటును కూడా సరిచూసుకోవాలి. రెండు దీర్ఘచతురస్రాల ఎత్తులు వేరుగా ఉన్నప్పుడు, ఒకదానికొకటి ఆనుకున్నంత మేరే బాణం దాటుతుంది. మిగిలిన చోట గోడకు తగిలినట్టు ఆగిపోతుంది. బాణాన్ని మీరు సాధారణంగా ఏ ఎత్తులో అటూ ఇటూ తీసుకెళ్తారో అక్కడ అంచులు కలిసేలా ఆ పెట్టెలను పైకీ కిందికీ జరపండి.

గ్నోమ్‌లో వర్క్‌స్పేస్‌లు (విండోలను వేరువేరు గుంపులుగా ఉంచుకునే పని స్థలాలు) ముందస్తుగా ప్రైమరీ తెరకే పరిమితమై ఉంటాయి. అచ్చుదిద్దేవారికి ఇది వరం: ప్రధాన తెరమీద నిఘంటువు, ఎడిటర్, మెయిలు వేర్వేరు వర్క్‌స్పేస్‌లలో తిప్పుతున్నా నిలువు తెరమీద పుట కదలకుండా ఉంటుంది. సూపర్ (విండోస్ గుర్తున్న కీ), షిఫ్ట్ నొక్కిపట్టి ఎడమ లేదా కుడి బాణం నొక్కితే విండో ఈ తెర నుంచి ఆ తెరకు పోతుంది.

అమరిక కుదిరాక దాన్ని చెదరగొట్టేవి ప్రధానంగా రెండు. గ్నోమ్ ఈ అమరికను మీ హోమ్‌లోని డాట్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లో మానిటర్స్ డాట్ ఎక్స్ఎంఎల్ అనే ఫైలులో దాచుకుంటుంది. అందులో మానిటర్ వివరాలతో పాటు అది ఏ పోర్టుకు తగిలించి ఉందో కూడా ఉంటుంది. అందువల్ల శుభ్రం చేసేటప్పుడు కేబుళ్లు తీసి వేరే పోర్టుకు పెట్టారంటే, అవే మానిటర్లయినా గ్నోమ్‌కు అది కొత్త అమరికే. ఏ కేబుల్ ఏ పోర్టుదో చీటీ అంటించుకోవడం మేలు. రెండోది, డిస్‌ప్లేపోర్ట్‌తో కలిపిన కొన్ని మానిటర్లను పవర్ బటన్‌తో ఆపితే కేబుల్ పీకేసినట్టే కంప్యూటర్‌కు తెలుస్తుంది, విండోలన్నీ రెండో తెరకు వలస పోతాయి. లేచి వెళ్ళేటప్పుడు బటన్ నొక్కకుండా సూపర్, ఎల్ నొక్కి తెరను తనంతట తానే నిద్రపోనివ్వండి. మానిటర్ మెనూలో డీప్ స్లీప్ వంటి ఎంపిక ఉంటే ఆపేయండి. మానిటర్ మార్చిన తర్వాత స్పీకర్లలో శబ్దం రాకపోతే, సౌండ్ సెట్టింగ్‌లో అవుట్‌పుట్ హెచ్‌డీఎంఐ వైపు మళ్ళిందేమో చూసుకోండి.

మీకు ఇప్పుడు కాకపోయినా త్వరలోనే ఎదురయ్యేది లాగిన్ తెర. మీ అమరిక మీ ఖాతాకు సంబంధించినది; లాగిన్ తెరను నడిపే జీడీఎంకు అది తెలియదు కాబట్టి పాస్‌వర్డ్ పెట్టె తప్పు మానిటర్ మీదనో, నిలువు తెరమీద పక్కకు ఒరిగో వస్తుంది. పైన చెప్పిన మానిటర్స్ డాట్ ఎక్స్ఎంఎల్ ఫైలును రూట్ (అడ్మినిస్ట్రేటర్) అధికారంతో వార్ డైరెక్టరీలోని లిబ్, జీడీఎం3, డాట్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, దాని యజమానిగా జీడీఎం వినియోగదారును పెట్టి, కంప్యూటర్‌ను ఒకసారి తిరిగి ప్రారంభించండి. ఇది కాపీ మాత్రమే కనుక, తర్వాత డిస్‌ప్లేస్‌లో ఏ మార్పు చేసినా మళ్ళీ కాపీ చేయాలి. లాగిన్ తెర ఎక్స్11లో, మీ సెషన్ వేలాండ్‌లో ఉంటే పోర్టుల పేర్లు కలవక ఈ కాపీ పనిచేయకపోవచ్చు, అప్పుడు రెండింటినీ వేలాండ్‌లోనే ఉంచుకోవాలి.